కేప్ మే ట్రిప్: ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ దిగాలి, ఎన్ని రాత్రులు ఉండాలి

న్యూజెర్సీలో ఉండే మనవాళ్లని, రాష్ట్రం దక్షిణపు కొసనున్న కేప్ మే వెళ్లారా అని అడిగితే చాలామంది వెళ్లామనే అంటారు. బీచ్ బాగుంది, లైట్‌హౌస్ ఎక్కాం, ఐస్‌క్రీమ్ తిన్నాం, ట్రాఫిక్‌లో ఇరుక్కుని రాత్రి పదకొండింటికి ఇల్లు చేరాం అంటారు. మరి ఆ ఊళ్లో ఇళ్లు చూశారా అంటే, కారులోంచి చూశాం అంటారు. నాకు మనసు చివుక్కుమనేది అక్కడే. బీచ్ కోసమే అయితే జెర్సీ తీరం పొడవునా బోలెడన్ని ఊళ్లున్నాయి, అంత దూరం పోనక్కర్లేదు. కేప్ మేలో వేరే ఊళ్లలో లేనిది ఒకటుంది: దాదాపు ఆరు వందల విక్టోరియన్ కాలపు (పంతొమ్మిదో శతాబ్దపు) కట్టడాలు, ఎక్కువ భాగం చెక్కవి, కాలినడకన తిరగగలిగేంత దగ్గర దగ్గరగా. వాటిని చూడాలనుకునేవాళ్లకీ, పిల్లలతో సముద్రంలో ఆడాలనుకునేవాళ్లకీ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తిప్పాలనుకునేవాళ్లకీ ఒకే ప్లాన్ సరిపోదు. ఎవరికి ఏది సరిపోతుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. ఇళ్ల కోసం వెళ్లేవాళ్లు సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ చివరి లోపల, వీలైతే వారం మధ్యలో, పాత ఊరి నడిబొడ్డున రెండు రాత్రులు ఉండండి. కారు ఒకచోట పెట్టేసి నడవండి. మిగతా పద్ధతులన్నింటిలో ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తుంది, అది మీకు ముఖ్యమా కాదా అన్నదే ప్రశ్న.

అసలు ఈ ఊరు ఇలా ఎందుకుంది

ఇది తెలిస్తే ఎక్కడ దిగాలో నిర్ణయించుకోవడం తేలిక, అందుకే చెబుతున్నాను. ఫిలడెల్ఫియా జనం ఎండాకాలం తప్పించుకోవడానికి పద్దెనిమిదో శతాబ్దం నుంచే ఇక్కడికి వచ్చేవాళ్లు. తర్వాత స్టీమర్లు, 1863లో రైలు. అప్పట్లో ఊరంతా పెద్ద పెద్ద చెక్క హోటళ్లు. 1878 నవంబర్‌లో ఒక హోటల్లో మొదలైన మంట ఊరి నడుమ సుమారు 35 ఎకరాల్ని బూడిద చేసింది. మళ్లీ కట్టేటప్పుడు అంత పెద్ద హోటళ్లకి బదులు ఎక్కువగా చిన్న చిన్న కాటేజీలు కట్టారు, ఆ రోజుల్లో ఏ ఫ్యాషన్ నడుస్తుంటే ఆ ఫ్యాషన్‌లో. ఈలోపు జనమూ డబ్బూ అట్లాంటిక్ సిటీ వైపు మళ్లాయి. ఇక్కడ పాతవి కూల్చి కొత్తవి కట్టేంత డబ్బు ఎవరి దగ్గరా లేకపోయింది. ఆ పేదరికమే ఇళ్లని కాపాడింది.

1962 మార్చిలో వచ్చిన తుపాను బీచ్ ఒడ్డునున్న బోర్డ్‌వాక్‌ని, అంటే చెక్క పలకల నడకదారిని, తుడిచిపెట్టేసింది. ఇప్పుడు మీరు నడిచే ప్రామెనేడ్ దాని స్థానంలో వేసినది. ఆ తర్వాతి ఏళ్లలో చాలా పాత ఇళ్లు కూల్చేద్దామన్న మాట వచ్చింది. వాషింగ్టన్ స్ట్రీట్ మీదున్న ఫిజిక్ ఎస్టేట్ అనే పాత భవంతి కూడా ఆ జాబితాలోదే. 1970లో ఊరివాళ్లు కొందరు ఒక సంస్థ పెట్టుకుని దాన్ని నిలబెట్టారు, 1976లో ఊరు మొత్తాన్ని నేషనల్ హిస్టారిక్ లాండ్‌మార్క్‌గా (కేంద్ర ప్రభుత్వం గుర్తించే చారిత్రక స్థలంగా) ప్రకటించారు. ఒక్క భవనాన్ని కాదు, ఊరు ఊరంతటినీ.

దీన్ని బట్టి తెలిసేదేమిటంటే, ఇక్కడ తాజ్‌మహల్ లాగా ఎదురుగా నిలబడి చూసొచ్చే ఒక కట్టడం లేదు. అందమంతా వీధుల్లో, ఇళ్ల వరుసల్లో, వరండాల్లో పరుచుకుని ఉంది. గర్నీ స్ట్రీట్‌లో 1870 ప్రాంతంలో ఒకే నమూనాలో కట్టిన ఎనిమిది ఇళ్ల వరుస ఒకటుంది. ఒక్కో యజమాని ఒక్కో రంగు వేసుకున్నారు. కారులో పోతే ఎనిమిది రంగులు కనిపిస్తాయి, అంతే. నిలబడి చూస్తేనే చూరు కింద రంపంతో కోసిన చెక్క జాలీలు కనిపిస్తాయి, వరండా స్తంభాల పైభాగంలో చెక్కిన ఆకులూ వంపులూ కనిపిస్తాయి, ఒకదాంట్లో మూడు రంగులు వేస్తే పక్కదాంట్లో అదే నగిషీకి ఐదు రంగులు వేశారని తెలుస్తుంది. ఇది నిదానంగా చూసే వ్యవహారం.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

ఖర్చు ఎలాగూ చూసుకుంటారు. దానికంటే ముందు నాలుగు విషయాలు తేల్చుకోండి. మీరు వెళ్లేది ఇళ్ల కోసమా, నీళ్ల కోసమా. వెంట ఎవరొస్తున్నారు: పన్నెండేళ్ల లోపు పిల్లలున్నారా, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లున్నారా. తిండి సంగతేమిటి: బయట తినగలరా, లేక రోజూ అన్నం పప్పు పడాల్సిందేనా (ఇది చిన్న విషయం అనుకుంటారు గానీ ట్రిప్పులో సగం గొడవలు దీని మీదే వస్తాయి). చివరిది, రాత్రి అక్కడ ఉండగలరా లేదా.

ఈ చివరిదానికే నేను ఎక్కువ విలువిస్తాను. వేసవిలో పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆ వీధులు పార్కింగ్ వెతుక్కునే కార్లతో నిండి ఉంటాయి. పొద్దున ఏడింటికీ, సాయంత్రం ఏడు తర్వాతా అవే వీధుల్లో మనుషులు నడుస్తుంటారు, వరండాల్లో కూర్చుని ఉంటారు. పగలే వెళ్లి వచ్చేసేవాళ్లకి ఈ రెండు వేళలూ దొరకవు.

పద్ధతి ఒకటి: పగలే వెళ్లి రావడం

ఎడిసన్, ఐసెలిన్ వైపు వాళ్లకి లెక్క చాలా సులువు. గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద ఎగ్జిట్ నంబర్లు దక్షిణం చివర, అంటే కేప్ మే దగ్గర, సున్నా నుంచి మొదలవుతాయి. ఐసెలిన్ ఎగ్జిట్ 131. అంటే 131 మైళ్లు. రోడ్డు ఖాళీగా ఉంటే రెండుంబావు గంటలు. ఫిలడెల్ఫియా వైపు వాళ్లకి ఇంకా దగ్గర, గంటన్నర, గంటా నలభై ఐదు.

రోడ్డు ఖాళీగా ఉంటే అన్నాను చూడండి, జూలై శనివారం అది ఉండదు. జెర్సీ తీరంలో అద్దె ఇళ్లు వేసవిలో ఎక్కువగా శనివారం నుంచి శనివారం వరకే ఇస్తారు. కాబట్టి ఆ రోజు దిగిపోయేవాళ్లూ వచ్చేవాళ్లూ అందరూ రోడ్డు మీదే. ఒక్కరోజు ట్రిప్పుకి శనివారం పెట్టుకోకండి. మంగళ, బుధ, గురువారాలు మంచివి. ఆదివారమైతే తెల్లవారి ఆరింటికే బయల్దేరండి, తిరుగు ప్రయాణం బాగా ముందుగానో, రాత్రి భోజనం అయ్యాకో పెట్టుకోండి. ఆదివారం సాయంత్రం ఉత్తరం వైపు పార్క్‌వే సంగతి జెర్సీలో ఉండేవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు.

ఒక్కరోజే ఉంటే బీచ్‌ని వదిలేయండి, నా సలహా ఇదే. బీచ్‌కి దిగితే ఆరబెట్టుకోవడం, బట్టలు మార్చుకోవడం, ఇసుక దులుపుకోవడంతోనే మధ్యాహ్నం మూడవుతుంది. దానికి బదులు పొద్దున్నే జాక్సన్, హ్యూజ్, కొలంబియా, గర్నీ వీధుల్లో రెండు గంటలు నడవండి. తర్వాత ఫిజిక్ ఎస్టేట్ టూర్. మధ్యాహ్నం వాషింగ్టన్ స్ట్రీట్ మాల్‌లో తినండి. మాల్ అంటే ఏసీ మాల్ కాదు, 1971లో కార్లు రాకుండా చేసిన మూడు బ్లాకుల పాత బజారు వీధి. సాయంత్రం లైట్‌హౌస్, చివరగా సన్‌సెట్ బీచ్. అట్లాంటిక్ తీరంలో ఉండి కూడా సూర్యుడు నీళ్లలోకి దిగడం చూడగలిగే అరుదైన చోటు అది, ఎందుకంటే అక్కడ పడమట ఎదురుగా ఉండేది డెలావేర్ బే అనే అఖాతం.

ఇది పెళ్లికాని కుర్రాళ్లకీ, దంపతులకీ, నడవగలిగే స్నేహితులకీ బాగుంటుంది. ఐదేళ్ల పిల్లలతో వద్దు. పెద్దవాళ్లతో అసలే వద్దు, రానూపోనూ నాలుగున్నర గంటలు కారులో కూర్చోబెట్టి మధ్యలో నడిపిస్తే వాళ్లకి ఊరు కాదు, నడుం నొప్పే గుర్తుంటుంది.

పద్ధతి రెండు: పాత ఇంట్లోనే దిగడం

బీ అండ్ బీలు, అంటే గదీ పొద్దున బ్రేక్‌ఫాస్టూ ఇచ్చే ఇళ్లు. 1970లలో పడిపోబోతున్న ఇళ్లని కొందరు కొనుక్కుని, బాగుచేసుకుని, గదులు అద్దెకిచ్చి, వచ్చిన డబ్బుతో మళ్లీ ఇంటికి రంగులు వేయించారు. ఊరు నిలబడటంలో వీళ్ల కష్టం చాలా ఉంది, నాకు వాళ్లంటే గౌరవం. మీరు గదికి ఇచ్చే డబ్బులో కొంత ఆ చెక్క జాలీల మరమ్మతుకే పోతుంది. ఉప్పుగాలికి చెక్క, రంగు ఎంత త్వరగా పాడవుతాయో విశాఖపట్నంలోనో కాకినాడలోనో సముద్రం దగ్గర ఇల్లున్నవాళ్లకి బాగా తెలుసు.

ఈ పద్ధతిలో ఉన్న పెద్ద లాభం: లోపల చూడొచ్చు. ఊళ్లో ఉన్న ఇళ్లలో చాలావరకు ఎవరివో సొంత ఇళ్లు, గేటు బయటి నుంచే చూడాలి. మ్యూజియంగా తెరిచి ఉంచిన విక్టోరియన్ ఇల్లంటే ముఖ్యంగా ఫిజిక్ ఎస్టేటే. బీ అండ్ బీలో దిగితే ఆ ఎత్తైన పైకప్పులు, ముందు గదిలో పాత సోఫాలు, గోడలకి పూల కాగితం, మెట్ల కటకటాలు రెండు రోజులు మీవే. పొద్దున బ్రేక్‌ఫాస్ట్ అందరూ కలిసి తినే చోట్లు కొన్నున్నాయి, సాయంత్రం టీ ఇచ్చేవి ఉన్నాయి. వరండాలో ఊగే కుర్చీలో కూర్చుంటే వీధంతా కనిపిస్తుంది.

ఇబ్బందులు కూడా ఉన్నాయి, బుక్ చేసేముందు తెలుసుకోండి.

చాలాచోట్ల పన్నెండేళ్ల లోపు పిల్లల్ని తీసుకోరు, లేదా ఒకటి రెండు గదుల్లోనే ఒప్పుకుంటారు. లిఫ్ట్ ఉండదు, మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులుంటే కింది అంతస్తు గది ఉందా అని ఫోన్ చేసి అడగండి, వెబ్‌సైట్‌లో ఫొటో చూసి నమ్మకండి. గోడలు పల్చన, నేల కిర్రుమంటుంది, రాత్రి పదకొండింటికి ఇండియాకి స్పీకర్ ఫోన్లో మాట్లాడితే పక్క గదికి అంతా వినిపిస్తుంది. వేసవి వారాంతాల్లో రెండు లేక మూడు రాత్రులు తప్పనిసరి అనే షరతు సాధారణం. పార్కింగ్ అన్నింటికీ ఉండదు. బ్రేక్‌ఫాస్ట్‌లో గుడ్డు, బేకన్ మామూలు. గుడ్డు కూడా తినని శాకాహారులైతే బుకింగ్ అప్పుడే చెప్పండి, వెజిటేరియన్ అని ఒక్కమాట అంటే ఆమ్లెట్ తెచ్చి పెడతారు. గుడ్డు వద్దు, మాంసం వద్దు, చేప వద్దు, పాలు పెరుగు పర్లేదు అని విడమరిచి చెప్తే చక్కగా చేసిపెడతారు.

దంపతులకీ, పెద్దపిల్లలున్నవాళ్లకీ, చరిత్ర మీద ఇష్టమున్న ఎవరికైనా నేను కళ్లు మూసుకుని చెప్పేది ఇదే.

పద్ధతి మూడు: హోటల్, మోటెల్

ఇందులో రెండు రకాలు. బీచ్ అవెన్యూ పొడవునా ఉన్న మోటెళ్లు ఒకటో రకం. ఇవి విక్టోరియన్ కాదు, ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలపు కట్టడాలు. కానీ పిల్లలున్న కుటుంబానికి వీటి కంటే హాయి లేదు. చాలావాటికి ఈత కొలను, గదిలో ఫ్రిజ్, కొన్నిటికి చిన్న వంటగది కూడా ఉంటుంది. కారు గది ముందే, రోడ్డు దాటితే సముద్రం. ఇసుక కాళ్లతో లోపలికి వచ్చినా ఎవరూ ఏమీ అనుకోరు. పెరుగు, పులిహోర ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. పాత ఇళ్ల వీధులు కూడా అక్కడి నుంచి కొద్ది నిమిషాల నడకే, కాబట్టి పొద్దున పిల్లలు లేవకముందు ఇద్దరిలో ఒకరు చక్కగా తిరిగి రావచ్చు.

రెండో రకం కాంగ్రెస్ హాల్. 1816లో మొదలైన హోటల్ ఇది. 1878 మంటల్లో పోతే మరుసటి ఏడాదే ఈసారి ఇటుకతో కట్టారు. యజమాని టామస్ హ్యూజ్ అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికయ్యాక ఆ పేరొచ్చింది. అధ్యక్షుడు బెంజమిన్ హ్యారిసన్ 1890ల మొదట్లో వేసవి పనంతా ఇక్కడి నుంచే నడిపాడు. పసుపు రంగు గోడ, పొడవాటి తెల్ల స్తంభాల వరండా, ముందు పచ్చిక, ఆ వెనకాల సముద్రం. పాత కట్టడంలో ఉండాలి, పిల్లలూ వెంట ఉండాలి, ఖర్చు ఫర్వాలేదు అనుకునేవాళ్లకి ఇది సరిగ్గా కుదురుతుంది. వేసవి రేట్లు మాత్రం గట్టిగా ఉంటాయి. అక్కడ దిగకపోయినా ఆ వరండా కింద నుంచి ఒకసారి నడిచి రండి.

పద్ధతి నాలుగు: ఇల్లు అద్దెకి తీసుకోవడం

రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్తుంటే, లేదా అమ్మానాన్నలు ఆరు నెలలకి వచ్చి ఉంటే, ఇదే సుఖం. వంటగది ఉంటుంది. కుక్కర్, పప్పు డబ్బా, ఆవకాయ సీసా కారులో వేసుకుంటే నాన్నగారికి భోజనం గురించి టెన్షన్ ఉండదు, మీకు నాన్నగారి గురించి టెన్షన్ ఉండదు. ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డు మీద దొరికినట్టు మన కూరగాయలు, కరివేపాకు, దోసె పిండి అక్కడ వీధి చివర దొరుకుతాయని అనుకోకండి, ఇంటి నుంచే పట్టుకెళ్లండి.

చిక్కు ఏమిటంటే వేసవిలో వారం మొత్తానికే ఇస్తారు, మంచివి చలికాలంలోనే బుక్ అయిపోతాయి. దుప్పట్లు, తువ్వాళ్లు చాలా ఇళ్లలో మనమే తెచ్చుకోవాలి. ఎంతమంది ఉండొచ్చో కాగితం మీద రాసి ఉంటుంది, ఎనిమిది మందికి తీసుకుని పధ్నాలుగు మంది దిగకండి. సెప్టెంబర్ తర్వాత మూడు నాలుగు రాత్రులకి కూడా ఇచ్చే ఇళ్లు దొరుకుతాయి, రేటూ తగ్గుతుంది.

పద్ధతి ఐదు: వైల్డ్‌వుడ్‌లో దిగి ఇక్కడికి వచ్చి చూడటం

పదిహేను ఇరవై నిమిషాల దూరంలో వైల్డ్‌వుడ్ ఉంది. అది పూర్తిగా వేరే ప్రపంచం: రెండు మైళ్ల బోర్డ్‌వాక్, జెయింట్ వీల్, రోలర్ కోస్టర్లు, 1950, 60ల నాటి నియాన్ బోర్డుల మోటెళ్లు. అక్కడ బీచ్ ఉచితం. టీనేజ్ పిల్లలకి విక్టోరియన్ చూరు జాలీలు చూపిస్తే అరగంటలో ఫోన్ తీస్తారు, వాళ్లకి వైల్డ్‌వుడ్ కావాలి. మూడు రాత్రులు అక్కడ ఉండి ఒక పూట కేప్ మే చూసే పద్ధతి అలాంటి ఇంటికి న్యాయమే. కానీ ఇళ్ల కోసం వచ్చినవాళ్లు డబ్బు కలిసొస్తుందని అక్కడ దిగకండి, సాయంత్రాలు పోతాయి.

ఒక్క చూపులో కావాలంటే ఇదిగో:

| ఎలా | ఇళ్లు చూడటానికి | చిన్నపిల్లలతో | పెద్దవాళ్లతో | తిండి | ఖర్చు |
|---|---|---|---|---|---|
| పగలే వెళ్లి రావడం | ఫర్వాలేదు, హడావిడి | వద్దు | వద్దు | డబ్బాలు కట్టుకెళ్లాలి | తక్కువ |
| బీ అండ్ బీ | అన్నింటికంటే మేలు | చాలాచోట్ల తీసుకోరు | కింది గది దొరికితేనే | బ్రేక్‌ఫాస్ట్ వాళ్లదే | మధ్యస్థం నుంచి ఎక్కువ |
| బీచ్ అవెన్యూ మోటెల్ | నడక దూరం | చాలా బాగు | బాగు | ఫ్రిజ్, కొన్నిటికి వంట | మధ్యస్థం, వేసవిలో ఎక్కువ |
| కాంగ్రెస్ హాల్ | చాలా బాగు | బాగు | బాగు | బయటే తినాలి | బాగా ఎక్కువ |
| అద్దె ఇల్లు | ఏ వీధిలో ఉందో చూసుకోవాలి | బాగు | అన్నింటికంటే మేలు | సొంత వంట | పంచుకుంటే తక్కువ |
| వైల్డ్‌వుడ్ | తక్కువ | చాలా బాగు | జనం, సందడి ఎక్కువ | వంట ఉన్న మోటెళ్లు ఉన్నాయి | సాధారణంగా తక్కువ |

ఎప్పుడు వెళ్లాలి

జూలై, ఆగస్టు: సముద్రంలో దిగాలంటే ఇవే. లైఫ్‌గార్డులుంటారు, నీళ్లు వెచ్చబడతాయి. జూన్‌లో ఎండ చూసి మోసపోకండి, నీళ్లు ఇంకా చల్లగానే ఉంటాయి. బీచ్‌కి ట్యాగ్ కొనాలి. మెమోరియల్ డే వారాంతం నుంచి లేబర్ డే దాకా, పన్నెండేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ. రోజుకీ వారానికీ వేర్వేరుగా అమ్ముతారు, నలుగురైదుగురు పెద్దవాళ్లుంటే లెక్కేసుకుని కొనండి. మీటర్ పార్కింగ్, జనం, రేట్లు అన్నీ ఎక్కువ. పడమటి గాలి వీచిన రోజు ఉప్పునీటి చిత్తడి నేలల వైపు నుంచి గ్రీన్‌హెడ్ ఈగలు వస్తాయి, అవి కుడితే దోమకాటు లాంటిది కాదు, చర్మం కోసినట్టుంటుంది.

సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్: నా మొగ్గు దీనికే, కారణాలు చాలా ఉన్నాయి. ట్యాగులు అక్కర్లేదు, నీళ్ల వెచ్చదనం సెప్టెంబర్‌లో ఇంకా పోదు, నడవడానికి చెమట పట్టదు. దక్షిణానికి వలస పోయే మోనార్క్ సీతాకోకచిలుకలు ఈ కొసన ఆగుతాయి. ముందు డెలావేర్ బే ఉంది కదా, అనుకూలమైన గాలి కోసం ఎదురుచూస్తూ పసుపు పచ్చని గోల్డెన్‌రాడ్ పూల మీద గుంపులుగా వాలతాయి. డేగలు, గద్దలు కూడా అంతే. లైట్‌హౌస్ పక్కనే చెక్క వేదిక కట్టి, వాటిని లెక్కపెట్టే మనుషులు రోజూ నిలబడి ఉంటారు. అడిగితే దుర్భిణీ చేతికిచ్చి, ఆ పైన తిరిగేది ఏ జాతిదో ఓపిగ్గా చెబుతారు. చల్లటి వాయవ్య గాలి వీచిన మర్నాడు వెళ్లగలిగితే అదృష్టమే. ఒక్క ఇబ్బంది, తుపానుల కాలం ఇది. క్యాన్సిల్ చేసుకుంటే డబ్బు తిరిగిచ్చేలా బుక్ చేసుకోండి. లైఫ్‌గార్డులు లేని చోట పిల్లల్ని నీళ్లలోకి దించకండి.

మే నెల పక్షులంటే ఇష్టమున్నవాళ్లది. డిసెంబర్‌లో పాత ఇళ్లకి దీపాలు, ఆకుల తోరణాలు కడతారు, ట్రాలీలో తిప్పి చూపిస్తారు, చలికి తట్టుకోగలిగితే ఇళ్ల కోసం అక్టోబర్ తర్వాత మంచి నెల అదే. జనవరి, ఫిబ్రవరిలో రేట్లు బాగా పడిపోతాయి గానీ చాలా హోటళ్లు, దుకాణాలు మూసి ఉంటాయి.

వెళ్లాక దేనికి సమయం ఇవ్వాలి

ఫిజిక్ ఎస్టేట్‌కి తప్పకుండా. 1879లో కట్టిన ఇల్లు, ఫిలడెల్ఫియా ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ ఫర్నెస్ డిజైన్ అని చెబుతారు. స్టిక్ శైలి అంటారు దీన్ని. లోపల దాచాల్సిన దూలాలూ కర్రలూ బయటికే కనిపిస్తున్నట్టు గోడ మీద పట్టీలుగా పరిచేస్తారు. వెళ్లగానే తలెత్తి పొగగొట్టాలు చూడండి: కింద సన్నగా మొదలై పైకి పోయేకొద్దీ ఇటుక వరుసలు బయటికి పొంగుకొస్తాయి, తలకిందులుగా పెట్టినట్టుంటాయి. వరండా స్తంభాలకి ఆనించిన కర్రలు మనిషి చేయంత లావు. ఆ ఇంటి యజమాని ఎమ్లెన్ ఫిజిక్ డాక్టరు చదివాడు గానీ ప్రాక్టీసు చేయలేదు. అమెరికా శస్త్రచికిత్సకి పితామహుడని పేరున్న ఫిలిప్ సింగ్ ఫిజిక్ వారసుడు. ట్రాలీ టూర్, ఇంటి టూర్ కలిపి టికెట్ దొరుకుతుంది, నడవలేని పెద్దవాళ్లకి ఆ ట్రాలీయే దిక్కు, కూర్చున్నచోటి నుంచే వీధులన్నీ చూసేస్తారు.

లైట్‌హౌస్ 1859 నాటిది, 157 అడుగుల ఎత్తు, బురుజు లోపల 199 మెట్లు. ఎక్కలేనివాళ్లు కింద పార్కులో చెక్క దారి మీద నడవొచ్చు, చదునుగా ఉంటుంది. పార్కుకి టికెట్ లేదు.

సన్‌సెట్ బీచ్‌లో పిల్లలకి పని దొరుకుతుంది. కేప్ మే డైమండ్స్ అని పిలిచే గులకరాళ్లు, స్ఫటికం ముక్కలు, డెలావేర్ నది కొట్టుకొచ్చి ఇక్కడ పడేస్తుంది. తడిగా ఉన్నప్పుడు అద్దంలా వెలుతురు లోపలికి పోతుంది, అరచేతిలో ఆరేసరికి తెల్లగా మసకబారుతుంది. ఇంటికి తెచ్చి సానపట్టిస్తే గానీ ఆ మెరుపు నిలవదు. ఎదురుగా నీళ్లలో కనిపించే శిథిలం అట్లాంటస్, కాంక్రీటుతో కట్టిన ఓడ, 1926లో తుపానుకి తాళ్లు తెంచుకుని ఇసుకలో కూరుకుపోయింది. ఇప్పుడు నీటి పైన మిగిలింది కొంచెమే.

లఫాయెట్ స్ట్రీట్‌లో హ్యారియట్ టబ్‌మన్ మ్యూజియం చిన్నదే, కానీ వదిలేయకండి. బానిసత్వం నుంచి తప్పించుకున్న ఆవిడ 1850ల మొదట్లో ఈ ఊళ్లో పనిచేసి డబ్బు కూడబెట్టి, ఆ డబ్బుతో వెనక్కి వెళ్లి మరికొందర్ని విడిపించింది. రంగురంగుల వరండాల్లో కూర్చున్నవాళ్ల కథ ఒక్కటే కాదు ఈ ఊరిది, వాళ్లకి వండిపెట్టి, బట్టలుతికినవాళ్ల కథ కూడా.

పిల్లలు విసుక్కుంటే పార్క్‌వే ఎగ్జిట్ 11 దగ్గర కౌంటీ జూ ఉంది, ప్రవేశం ఉచితం, తిరుగు దారిలో పెట్టుకోండి. పెద్దవాళ్లకి బే అవతల డెలావేర్ రాష్ట్రంలోని లూయిస్ ఊరికి వెళ్లే ఫెర్రీ: కారు లేకుండా మనుషులే ఎక్కొచ్చు, ఒకవైపు 85 నిమిషాలు, కూర్చుని సముద్రం చూస్తూ వెళ్లి రావడమే. మా ఇళ్లలో పెద్దవాళ్లు ఇళ్లకంటే దీన్నే ఎక్కువ తలుచుకుంటారు.

కారు లేనివాళ్లకి ఒక మాట

కేప్ మేకి రైలు లేదు. న్యూయార్క్, ఫిలడెల్ఫియాల నుంచి ఎన్‌జే ట్రాన్సిట్ బస్సులున్నాయి, కానీ ప్రయాణం పొడవు, ఒక్కరోజుకి పనికిరాదు. విద్యార్థులు, కొత్తగా వచ్చినవాళ్లు విక్టోరియన్ ఇళ్లు చూడాలంటే ఓషన్ గ్రోవ్ చూడండి. ఆస్‌బరీ పార్క్ దాకా రైలు, అక్కడి నుంచి నడక. 1869లో మెథడిస్టులు భక్తి శిబిరంగా మొదలుపెట్టిన ఊరు, 1894లో చెక్కతో కట్టిన పెద్ద ఆడిటోరియం, దాని చుట్టూ వేసవిలో ఇప్పటికీ వేసే గుడారాల వరుసలు. ఇళ్లు చిన్నవి, ఇంకా దగ్గరగా ఉంటాయి. మద్యం అమ్మరు. కేప్ మే అంత వైవిధ్యం ఉండదు, కానీ ఒక్కరోజులో హాయిగా చూసి రావచ్చు. నిజానికి కారున్నా ఒక్క పూటే టైముందనుకుంటే నేను ఓషన్ గ్రోవ్‌కే వెళ్లమంటాను.

బుక్ చేసేముందు

అక్టోబర్ వారాంతాలు మనం అనుకున్నంత ఖాళీగా ఉండవు, పక్షుల వాళ్లూ పెళ్లిళ్ల వాళ్లూ వస్తారు, జూలైకల్లా చేసేసుకోండి. వారం మధ్యలో అయితే సెప్టెంబర్‌లో చూసుకున్నా దొరుకుతుంది. ఫోన్ చేసి అడగాల్సినవి: గది ఏ అంతస్తులో, కారు ఎక్కడ పెట్టాలి, పిల్లల వయసు నిబంధన ఏమిటి, ఎన్ని రాత్రులు తప్పనిసరి, క్యాన్సిల్ చేస్తే ఎంత తిరిగిస్తారు. ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు మ్యాప్‌లో వాషింగ్టన్ స్ట్రీట్ మాల్ నుంచి దూరం చూడండి. కేప్ మే అని రాసి ఉన్నా వంతెన అవతల నార్త్ కేప్ మేలోనో, లోయర్ టౌన్‌షిప్‌లోనో ఉండే ఇళ్లు చాలా ఉంటాయి. అవి చవకే, కానీ ప్రతిసారీ కారు తీయాల్సిందే.